సింత్రా ప్యాలెస్‌లు, అట్లాంటిక్ తీరం: ప్రైవేటు కారు మేలా, రైలు మేలా?

పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లినవాళ్లు ఒక రోజు తీసి సింత్రా కొండల మీది ప్యాలెస్‌లు, ఆ వెనకే ఉన్న అట్లాంటిక్ తీరం చూసి రావడం మామూలే. సింత్రా దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. చిక్కంతా ఎలా వెళ్లాలన్న దగ్గరే. డ్రైవరుతో సహా రోజంతా మన చేతిలో ఉండే ప్రైవేటు కారు, ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి వెళ్లే గుంపు వ్యాను, సొంతంగా రైలూ బస్సూ. లండన్ నుంచో డాలస్ నుంచో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే మనవాళ్లు ఈ మూడింటి మధ్యే తర్జనభర్జన పడుతుంటారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎక్కువ ప్యాలెస్‌లు చూడొచ్చని ప్రైవేటు కారు మాట్లాడుకుంటే డబ్బు దండగ. తీరం కోసం, వెంట ఉన్న పెద్దవాళ్ల మోకాళ్ల కోసం మాట్లాడుకుంటే మాత్రం ప్రతి యూరో గిట్టుబాటవుతుంది.

ఎందుకో చెబుతాను. లిస్బన్‌లోని రోసియో స్టేషన్‌లో రైలెక్కితే నలభై నిమిషాల్లో సింత్రాలో దిగుతాం. టికెట్టు రెండున్నర యూరోల దరిదాపుల్లో ఉంటుంది. స్టేషన్ బయటే 434 నంబరు బస్సు మూరుల కోటకూ పెనా ప్యాలెస్‌కూ తీసుకెళుతుంది. 435 రెగలైరా, మొన్సెరాట్ ప్యాలెస్‌ల వైపు. ఎండాకాలంలో ఈ బస్సుల దగ్గర క్యూ ఉంటుంది, నిజమే. కానీ కొండెక్కే ఇరుకు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోతే పెద్ద బెంజి వ్యాను కూడా ఆ బస్సు వెనకే నిలబడాలి. పైగా ఏ కారూ పెనా ప్యాలెస్ గుమ్మం దాకా వెళ్లదు. పార్కు గేటు దగ్గర దిగి అరగంట ఎక్కాలి, లేదా పార్కువాళ్ల చిన్న బస్సు ఎక్కాలి. అద్దె కారు తీసుకుని మనమే నడుపుకుని వెళ్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఊరి నడిమధ్యకు బయటి కార్లను రానివ్వరు, పార్కింగ్ దొరకదు.

పెనా లోపలికి వెళ్లే టికెట్టు మీద వేళ రాసి ఉంటుంది, ఆ వేళ దాటితే వెళ్లనివ్వరు. ప్రైవేటు కారుకు ఉన్న స్వేచ్ఛ సగం ఇక్కడే కట్టుబడిపోతుంది. వేసవి పొద్దున్నే లిస్బన్‌లో ఎండ కాస్తున్నా, సముద్రపు తేమ తగిలి సింత్రా కొండ మీద చాలాసార్లు పొగమంచు కమ్ముకుని ఉంటుంది. అందుకని పెనా టికెట్టు మధ్యాహ్నానికి తీసుకుంటే, పొద్దున మంచును బట్టి ముందు తీరమా, ఊళ్లోని ప్యాలెసా అని డ్రైవరుతో మాట్లాడుకోవచ్చు. గుంపు వ్యానులో ఆ వీలు లేదు, వాళ్ల వరస వాళ్లదే.

ఒక రోజులో నాలుగైదు ప్యాలెస్‌లు చూపిస్తామనే టూర్లకు దూరంగా ఉండండి. లోపలికి వెళ్లి తీరిగ్గా చూడగలిగేవి రెండే. పెనా సంగతి తెలిసిందే. 1755 భూకంపంలో దెబ్బతిన్న మఠం శిథిలాలను రాణి రెండో మరియా భర్త ఫెర్దినాంద్ 1838లో కొని, ఈ ఎర్రని, పసుపురంగు భవనం కట్టించాడు. 1910లో రాచరికం కూలినప్పుడు రాజమాత అమేలియా ఇక్కడి నుంచే దేశం విడిచి వెళ్లింది. గదులను ఆ నాటి సామాన్లతోనే ఉంచారు. రెగలైరాలో నేల లోపలికి 27 మీటర్లు మెలికలు తిరుగుతూ దిగే మెట్లబావి ఉంది. పిల్లలకు, పడుచువాళ్లకు దాన్ని మించింది లేదు. కింద సొరంగాల్లో చీకటి, కాలి కింద తడి. అందుకే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దంటాను.

నా ఓటు ఊరి మధ్యలో ఉన్న జాతీయ ప్యాలెస్‌కు. పెనా ఫొటోల వెలుగులో దీన్ని ఎవరూ పట్టించుకోరు, అది అన్యాయం. వంటింటి మీద 33 మీటర్ల ఎత్తున రెండు తెల్లటి పొగగొట్టాలుంటాయి. 72 కులీన కుటుంబాల చిహ్నాలు చిత్రించిన పైకప్పు ఒక గదిలో ఉంది. సొంత తమ్ముడే బంధించిన రాజు ఆరో అఫోన్సో 1683లో చనిపోయిన గది కూడా ఇక్కడే. కొండ ఎక్కే పని లేదు, పెద్దవాళ్లు నడవగలరు. మనకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది. మొన్సెరాట్ వైపు దారిలో గోవా వైస్రాయిగా చేసిన జువావ్ ద కాస్త్రో తోట ఉంది. సోమనాథ్ ప్రాంతం నుంచి తరలిపోయిన 1287 నాటి సంస్కృత శాసనం అక్కడికే చేరింది. ఆ తోట ప్రైవేటు ఆస్తి, టూర్లలో లేదు. మన రాళ్లు ఎంత దూరం పోయాయో ఆ దారిన వెళ్లేటప్పుడు పిల్లలకు చెప్పాల్సిందే.

రైలు ఓడిపోయేది ప్యాలెస్‌ల తర్వాతే. యూరప్ భూఖండానికి పడమటి కొస అయిన కాబో ద రోకాకు సింత్రా నుంచి బస్సుంది, అక్కణ్నుంచి తీరపు ఊరు కష్కైష్‌కూ ఉంది. కానీ 140 మీటర్ల ఎత్తున, సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంటే బస్సు కోసం నిలబడటం వయసు మళ్లినవాళ్లకు శిక్షే. అక్కడ రాతి మీద పోర్చుగీసు కవి కమోయిష్ మాట చెక్కి ఉంటుంది: నేల ముగిసి కడలి మొదలయ్యే చోటు ఇదని. ఆ కవి కొన్నేళ్లు గోవాలో బతికినవాడే. దాని ముందు పది నిమిషాలు నిలబడాలా, గంటా అన్నది మన ఇష్టంగా ఉండాలి. కొండచరియ మీద తెల్లటి ఇళ్లు పేర్చినట్టుండే అజెన్యాష్ దు మార్, ఇసుక ఎగిరే గిన్షు బీచ్, కష్కైష్ పక్కన అలలు గుహలో గర్జించే బోకా దు ఇన్‌ఫెర్ను, ఇవన్నీ కారు ఆపమంటే ఆగాల్సిన చోట్లు. ఇక్కడ గుంపు వ్యాను చాలదు, ప్రైవేటు కారే మేలు.

ఖర్చు చూద్దాం. ప్రైవేటు టూర్ ధర సాధారణంగా బండికి లెక్క, తలకు కాదు. కొన్ని వందల యూరోలు ఇద్దరికైతే బరువు, ఐదారుగురు పంచుకుంటే గుంపు టూర్‌కు కాస్త ఎక్కువ అంతే. ప్యాలెస్ టికెట్లు అందులో ఉన్నాయా, డ్రైవరు లోపలికొచ్చి వివరిస్తాడా, గేటు దగ్గరే ఆగిపోతాడా అని ముందే అడగండి. సింత్రా తీపి వంటలు కెయిజాదా, త్రవెసైరుల్లో గుడ్డు ఉంటుంది. తినని పెద్దవాళ్లుంటే మధ్యాహ్నానికి ఏదైనా కట్టుకెళ్లడం నయం.

కాబట్టి ఇద్దరు కుర్రవాళ్లైతే రైల్లో వెళ్లి ప్యాలెస్‌లు చూసుకుని, ఇంకో పూట కైష్ దు సొద్రే స్టేషన్ నుంచి ఏటి వెంట, సముద్రం వెంట నడిచే రైల్లో కష్కైష్ వెళ్లండి. తోడు లేకుండా ఒక్కరే వెళుతూ రోకా కూడా అదే రోజు కావాలనుకుంటే గుంపు వ్యాను ఫరవాలేదు. అమ్మానాన్నలు, చంటిపిల్లలు ఉంటే ప్రైవేటు కారు, ఒక ప్యాలెస్, మిగతా పూటంతా తీరం.

సింత్రా ఇదివరకే చూసినవాళ్లకు మాఫ్రా, ఎరిసైరా దారి చెబుతాను. 1717లో రాజు ఐదో జువావ్ మొదలుపెట్టించిన మాఫ్రా ప్యాలెస్ గ్రంథాలయంలో దాదాపు 36,000 పుస్తకాలున్నాయి. వాటిని తినే పురుగులను రాత్రిళ్లు గబ్బిలాలు పట్టి తింటాయి. 1910 అక్టోబరు 5న చివరి రాజు రెండో మానుయెల్ మాఫ్రా నుంచే ఎరిసైరా బీచ్‌కు వెళ్లి, పడవెక్కి ప్రవాసానికి సాగిపోయాడు. రెంటి మధ్యా పది కిలోమీటర్లే. లిస్బన్ నుంచి బస్సులున్నా, పెద్దవాళ్లతో ఒకే రోజులో రెండూ చూడాలంటే కారు మాట్లాడుకోవడమే సుఖం. మాఫ్రా తెరిచి ఉండే రోజులు ముందే చూసుకుని, పొద్దున ప్యాలెస్, మధ్యాహ్నం ఎరిసైరా పెట్టుకోండి.