లంబసింగి మంచులో కనిపించింది తమ్ముడి కాళ్లే

మొన్న డిసెంబరులో నేనూ తమ్ముడూ సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుని నర్సీపట్నం చేరాం. అక్కడి నుంచి డౌనూరు మీదుగా లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు తొక్కాలి. తెల్లారకముందే బయల్దేరాం. ఘాట్ ఎక్కేసరికి మంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, ముందున్న తమ్ముడు మాయమైపోయి గొలుసు చప్పుడొకటే మిగిలింది.

లంబసింగి టీ కొట్టు దగ్గర, దారిలో మమ్మల్ని దాటి వచ్చిన జీపు డ్రైవరు నాకు క్లాసు పీకాడు. "ఏటి బాబూ, ఆ తమ్ముడి కాళ్లు రెండూ ఆడతా అగుపడ్డాయి. నువ్వు మాత్రం పక్కకొచ్చిందాకా అగుపడనేదు!"

తమ్ముడు చీలమండలకు, లైటు పడితే మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలు చుట్టుకున్నాడు. పెడల్‌తోపాటు పైకీ కిందికీ ఆడే వెలుగును చూస్తే, అక్కడ మనిషున్నాడని వెంటనే తెలిసిపోతుంది. నేనేమో రోడ్డు పనివాళ్లు వేసుకునే జాకెట్ కొని, ధీమాగా దాని మీదే నల్ల బ్యాగు తగిలించుకున్నా. జాకెట్ వీపు మీది మెరిసే పట్టీలన్నీ కప్పబడిపోయాయి. ఆ జాకెట్ రంగు కూడా పగటికే పనికొస్తుంది. చీకట్లో మెరవాల్సింది పట్టీ, అదీ హెడ్‌లైటు పడితేనే. మంచు చిక్కబడితే అదీ అంతంతమాత్రమే. సీటు కింద ఎర్ర లైటు వెలుగుతూ ఉండాల్సిందే. నాది ఛార్జింగ్ లేక సగం ఘాట్‌లోనే ఆరిపోయింది.

లంబసింగి కూడలిలో ఆదివారం కార్లే కార్లు, సెల్ఫీల గోల. చెరువులవేనం మాత్రం తప్పక చూడాలి. కొండ మీద నిలబడితే మేఘాలు కాళ్ల కింద పరుచుకుని ఉంటాయి. తాజంగి వైపు రాత్రికి టెంట్ తీసుకున్నాం. భోజనం బాగుంది, బొంగు చికెన్ ఇంకా బాగుంది. కానీ బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో ఒక్క బల్బు లేదు. టెంట్ తాళ్లు తగులుకుని రెండుసార్లు బోర్లా పడ్డాను. తాళ్లకు తెల్ల గుడ్డ ముక్కలు కట్టమంటే నిర్వాహకుడు నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు చింతపల్లిలో మామూలు గదికి మారాం. గోడలు పెచ్చులూడుతున్నా బకెట్ వేడినీళ్లు ఇచ్చారు, హాయిగా నిద్రపట్టింది. పిల్లలతో వెళ్తే నా ఓటు గదికే.

తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతూ పెడల్ తొక్కే పని పెద్దగా ఉండదు, కాళ్లు ఆడవు. అందుకే మంచు విడేదాకా చింతపల్లిలో ఇడ్లీ తింటూ కూర్చుని, తొమ్మిదిన్నరకు బయల్దేరాం.