జాగ్రత్త: ప్రకటించిన ప్రైజ్ మనీ చూసి సీజన్ మెంబర్‌షిప్ కట్టకండి

ఇది ఒక ప్రాంతీయ గోల్ఫ్ టూర్ (సీజన్ పొడవునా జరిగే టోర్నమెంట్ల వరుస) గురించి, పేరు రాయను. ఈ సీజన్ ఆడినవాళ్లకు ఎవరి గురించో తెలుసు. మెంబర్‌షిప్, ఈవెంట్‌కో ఎంట్రీ ఫీజు, ప్రాక్టీస్ రౌండ్‌కు వేరే డబ్బు, అన్నీ ముందే కట్టించుకున్నారు. ప్రాంతీయ టూర్లలో స్పాన్సర్లు తక్కువ, ప్రైజ్ మనీలో చాలావరకు ఆటగాళ్ల ఫీజే ఉంటుంది. దాని మీద గొడవ లేదు.

గొడవంతా చివరి రౌండ్ తర్వాత. కార్డు సంతకం పెట్టి స్కోరింగ్ టెంట్ బయటికొస్తే, అంటించిన ప్రైజ్ షీట్‌లో షెడ్యూల్లో వేసిన మొత్తానికి మూడో వంతే ఉంది. అడిగితే టోర్నమెంట్ డైరెక్టర్ తలైనా ఎత్తలేదు. “అది ఫుల్ ఫీల్డ్‌కి చెప్పిన లెక్క. రూల్స్ చదువుకోకుండా ఎందుకొచ్చారు?” అన్నాడు. ఫుల్ ఫీల్డ్ అంటే పోటీలో ఆటగాళ్ల స్థానాలన్నీ నిండడం. 54 హోల్స్ ఆడి, కట్ (మధ్యలో వెనకబడ్డవాళ్లను తప్పించే స్కోరు గీత) దాటి నిలబడ్డవాళ్లతో మాట్లాడే పద్ధతేనా అది? ఫీల్డ్ నిండలేదని మొదటి రోజు టీ టైమ్స్ (ఎవరు ఎప్పుడు ఆట మొదలుపెట్టాలన్న పట్టిక) వేసినప్పుడే అతనికి తెలుసు. అప్పుడే చెప్పి ఉంటే వెనక్కి వెళ్లేవాళ్లు వెళ్లేవారు. ఒళ్లు మండిపోతోంది.

సగం మంది వస్తే సగం డబ్బు వస్తుందనుకుంటాం, కానీ అలా జరగదు. ఎంట్రీ 100 చొప్పున 120 మంది వస్తే 12,000. కోర్సు అద్దె, రెఫరీలు, స్కోరింగ్‌కు 3,000 పోతే 9,000 పంచాలి. 60 మందే వస్తే 6,000. ఖర్చు మాత్రం ఆ 3,000 అలాగే ఉంటుంది, మిగిలేది 3,000. అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ అయిన పీజీఏ టూర్ తరహాలో విజేతకు 18 శాతం ఇచ్చినా 1,620 రావాల్సిన చోట 540. అంటే లోటు మొత్తం ఆటగాడి నెత్తినే, నిర్వాహకుడికి ఒక్క రూపాయి తగ్గదు.

టైలలో ఇంకా ఘోరం. మూడో స్థానంలో ముగ్గురు సమమైతే 3, 4, 5 స్థానాల డబ్బు కలిపి మూడు భాగాలు చేయాలి. అవి 300, 240, 180 అయితే తలా 240 రావాలి. వీళ్లు ముగ్గురికీ ఐదో స్థానం డబ్బు, 180 చొప్పున ఇచ్చారు. మిగిలిన 180 ఏమైందన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

అమెచ్యూర్లను, అంటే వృత్తిగా ఆడనివాళ్లను, “ఒక వారం ప్రోగా ఆడి చూడండి” అని పిలుస్తున్నారు, అది ఇంకా పెద్ద అన్యాయం. ప్రోగా పోటీలో ఆడితే రూపాయి గెలవకపోయినా అమెచ్యూర్ హోదా పోతుంది. తిరిగి కావాలంటే మీ జాతీయ సంఘానికి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాల్సిందే. అమెచ్యూర్‌గానే ఆడినా ప్రైజ్ పరిమితి 1,000 డాలర్లు లేదా 700 పౌండ్లు.

కట్టేముందు రాతపూర్వకంగా అడగండి: కనీస ప్రైజ్ మనీ ఎంత, అది విడి ఖాతాలో ఉందా, ఈవెంట్ రద్దయితే ఫీజు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది. ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్లు “త్వరలో” అంటే నమ్మొద్దు, ఓడబ్ల్యూజీఆర్ (అధికారిక ప్రపంచ గోల్ఫ్ ర్యాంకింగ్) జాబితాలో ఆ టూర్ పేరుందో లేదో మీరే చూసుకోండి. ఆ ప్రైజ్ షీట్ ఫొటో తీసినవాళ్లు దాన్ని డిలీట్ చేయకండి, టై లెక్క తప్పుకు అదే ఆధారం.