బ్రిటిష్ మ్యూజియమా, పీట్రీ మ్యూజియమా? ఉన్న ఒక్క శనివారానికి ఏది మేలు?

లండన్‌కి చుట్టాలొచ్చారంటే రెండోరోజుకల్లా ఈ మాట వస్తుంది: "ఈజిప్టు బొమ్మలు ఇక్కడే ఉన్నాయటగా, చూపించవూ?" హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చిన్నప్పుడు చూసినవాళ్లయితే ఇంకాస్త పట్టుబడతారు. చూపించడానికేం, రెండు చోట్లున్నాయి. రెంటికీ టికెట్టు లేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పది నిమిషాల నడక. చిక్కల్లా మనకున్న శనివారం ఒక్కటే. ఆ ఒక్కరోజులోనే బట్టలుతుక్కోవాలి, కూరగాయలు తెచ్చుకోవాలి, ఎక్కడో ఓచోట వేడి దోసె తినాలి, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. ఇవన్నీ మానుకుని చూడాలంటే ఎంత గొప్ప బొమ్మయినా నాకు ఆఫీసు పనిలాగే ఉంటుంది.

అందరూ ముందు బ్రిటిష్ మ్యూజియం అంటారు. నేనూ చాలా ఏళ్లు అక్కడికే తీసుకెళ్లాను. శనివారం పొద్దున బ్యాగుల తనిఖీ దగ్గరే ఓ క్యూ. లోపల నాలుగో నంబరు హాలులో రొసెట్టా రాయి, అంటే ఈజిప్టు బొమ్మల లిపిని చదవడానికి దారి చూపిన రాయి, ఉంటుంది గానీ, కనిపించేది రాయి కాదు, దాని చుట్టూ ఎత్తిపట్టిన ఫోన్లు. దానికో ఉపాయం ఉంది. అదే అంతస్తులో పాత రాజుగారి లైబ్రరీ గదిలో ఆ రాయికి నకలు పెట్టారు. అక్కడ జనం పల్చగా ఉంటారు, చేత్తో తడిమి చూడొచ్చు కూడా. ఇక ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ విగ్రహం. ఏడు టన్నుల పైచిలుకు రాయి. 1816లో బెల్జోనీ అనే ఆయన మనుషుల చేత లాగించి నైలు ఒడ్డుకు చేర్చాడు. దాని ముందు నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. కానీ అలాంటివి వరసగా ఇరవై చూశాక ఇరవై ఒకటోది కంటికి కనిపిస్తుంది, మనసుకి ఎక్కదు. రెండు గంటలు తిరిగాక మా పిన్ని బెంచీ మీద చతికిలబడి "ఇంకెంతమంది రాజులున్నార్రా?" అంది.

పీట్రీ మ్యూజియం సంగతి వేరు. యూనివర్సిటీ కాలేజీ వెనకాల ఓ సందులో, పైఅంతస్తులో ఉంటుంది. బయట నుంచి చూస్తే మ్యూజియం అనిపించదు, కాలేజీ స్టోరు రూము అనుకుంటాం. లోపల దాదాపు 80 వేల వస్తువులున్నాయి, అద్దాల బీరువాల్లో కిక్కిరిసి కనిపిస్తాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చీకటి మూలల్లో చూసుకోమని చేతికి టార్చిలైటు ఇచ్చారు. ఈ మ్యూజియానికి పేరిచ్చిన ఫ్లిండర్స్ పీట్రీ ఈజిప్టులో తవ్వకాలు చేసిన పురావస్తు పండితుడు. తోటివాళ్లు బంగారం కోసం తవ్వుతుంటే ఆయన పగిలిన కుండలు ఏరుకున్నాడు. ఆ కుండల తీరు ఎలా మారుతూ వచ్చిందో చూసి, ఏ సమాధి ముందుదో ఏది తర్వాతదో వరస కట్టాడు. అందుకే ఇక్కడ రాజులు తక్కువ, ఇంటి సామాను ఎక్కువ. మట్టితో చేసిన ఎలుకబోను ఉంది. ఇనుప పూసలు ఉన్నాయి. ఖనిజం కరిగించి ఇనుము తీయడం ఇంకా తెలియని కాలంలో, ఆకాశం నుంచి పడ్డ ఉల్క ఇనుమును రేకులా కొట్టి చుట్టిన పూసలవి. తుప్పు పట్టి చూడ్డానికి ఏమీ ఉండవు. ఆ సంగతి తెలిశాక అక్కణ్ణుంచి కాలు కదలదు.

నా ఓటు మాత్రం తర్ఖాన్ చొక్కాకే. 1913లో ఈజిప్టులోని తర్ఖాన్ అనే చోట తవ్వకాల్లో దొరికిన మాసిన గుడ్డల మూటలో వచ్చిందది. ఆ మూటలో ఏముందో 1977 దాకా ఎవరూ విప్పి చూడలేదు. కార్బన్ పరీక్షలో క్రీ.పూ. 3482, 3102 మధ్య నాటిదని తేలింది. అంటే పిరమిడ్ల కంటే ముందుది. అవిసె నారతో నేసిన బట్ట, 'వీ' ఆకారపు మెడ, చేతులకీ భుజాలకీ సన్నటి మడతలు. మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు పడి ఉన్నాయి, అంటే ఎవరో కొన్నాళ్లు తొడుక్కున్నారన్నమాట. దొరికినప్పుడు తిరగేసి ఉందట, తల మీంచి లాగి విప్పేసినట్టు. ఏడు టన్నుల రామ్సెస్ కంటే ఆ మోచేతి ముడత దగ్గరే నాకు ఈజిప్టు మనుషులు కనిపించారు.

పీట్రీకి లోట్లు లేవని కాదు. చీటీల మీద అక్షరాలు మరీ సన్నం. పెద్ద విగ్రహాలు చూడాలని వచ్చిన పిల్లలు పావుగంటలో విసిగిపోతారు. ఆది, సోమవారాలు తలుపులు తెరవరు.

అయితే బ్రిటిష్ మ్యూజియాన్ని వదిలేయమంటానా? అనను. శనివారానికి వద్దంటాను, అంతే. శుక్రవారాలు అది రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి, కిందన ఎక్కడా ఆగకుండా, పైన 61వ గదిలోకి నడవండి. నెబామున్ సమాధి గోడబొమ్మలు అక్కడ ఉన్నాయి. క్రీ.పూ. 1350 ప్రాంతం. ఈయన రాజు కాదు, గుడి ధాన్యం లెక్కలు రాసుకునే గుమస్తా. పడవెక్కి జమ్ము పొదల్లో పిట్టల వేటకి వెళ్లాడు. పాము ఆకారపు విసురుకర్ర చేతిలో ఉంది. వెనక భార్య పెళ్లికి వెళ్తున్నట్టు ముస్తాబై నిలబడింది, కాళ్ల మధ్య కూతురు కూర్చుని నాన్న పిక్క పట్టుకుంది. పిల్లి ఒకటి నోట ఓ పిట్టని కరచి, పంజాలతో ఇంకో రెండింటిని ఒడిసిపట్టింది. దగ్గరికెళ్లి దాని కన్ను చూడండి, బంగారు రేకు అద్ది ఉంటుంది. పక్క బొమ్మలో విందు, పాట, ఆట. ఇంకోదాంట్లో తోట. చెరువుని పైనుంచి చూసినట్టు, చేపలనీ బాతులనీ పక్కనుంచి చూసినట్టు వేశారు. చెట్లు ఒక గట్టున పడుకుని ఉంటాయి, మన చిన్నపిల్లలు పలక మీద గీసినట్టే.

చచ్చిపోయాక కూడా ఆయన కోరుకున్నది ఓ మంచి సెలవురోజు. ఆ బొమ్మల్ని 1820 ప్రాంతంలో గోడ నుంచి పెచ్చులుగా ఊడదీసి తెచ్చారు. ఆ సమాధి ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అది తల్చుకుంటే మాత్రం నాకు కాస్త గుచ్చుకుంటుంది.

ఈజిప్టువాళ్లకి వారమంటే పది రోజులు. రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల హాజరు పట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియం దగ్గరే ఉంది. రెండో రామ్సెస్ ఏలుబడి 40వ ఏడు నాటి సున్నపురాయి పలక అది. నలభై మంది పేర్లు, ఎవరు ఏ రోజు రాలేదో తేదీలు, వాటి మీద ఎర్ర సిరాతో కారణాలు. ఒకణ్ణి తేలు కుట్టింది, ఒకడికి కళ్లు బాగాలేవు, ఒకడు ఇంట్లో బీరు కాచుకుంటున్నాడు. మేనేజరుకి నేను పెట్టిన సెలవు మెయిళ్లన్నీ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

కాబట్టి పిల్లలతో, అదీ మొదటిసారి వస్తే, పెద్ద మ్యూజియానికే వెళ్లండి, పదింటికి తలుపులు తీసేసరికే అక్కడుండండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే శుక్రవారం సాయంత్రం ఆ ఒక్క గది చాలు. శనివారం మాత్రం నాది పీట్రీయే. పదకొండుకి తెరుస్తారు, గంటన్నరలో బయటికొస్తాం. అక్కణ్ణుంచి పావుగంట నడిస్తే యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీటు, దోసెలు, భేల్‌పూరీలు. మొన్న పిన్నిని అలాగే తీసుకెళ్లాను. తర్ఖాన్ చొక్కా ముందు చాలాసేపు నిలబడి, "ఉతకడానికి ఇప్పుడే విప్పి పడేసినట్టుందిరా" అంది. మా ఇంట్లో మిషన్లో నానుతున్న బట్టలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు.