‘బి’ వరుసలో మనవాళ్లు: దక్షిణాఫ్రికాలో 12 రోజులు

హైదరాబాద్‌లో దక్షిణాఫ్రికా ప్యాకేజీ గురించి అడిగితే ముందుగా చెప్పేది క్రూగర్ అడవిలో సింహాలు, ఆ తర్వాత కేప్‌టౌన్‌లో సముద్రం. మండేలా గడిపిన జైలు చూడాలంటే కేప్‌టౌన్ జాబితాలో దానికి ఒక పూట కేటాయిస్తారు. మార్చిలో నేనూ మా ఆవిడా ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఆ లెక్కను తిరగేసి, సింహాలను మరో జన్మకు వాయిదా వేసి, 12 రోజులనూ జోహానెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లకు తలా నాలుగుగా పంచాం. నేరుగా విమానం లేదు కాబట్టి గల్ఫ్‌లో మారాల్సి వచ్చింది. వీసా మాత్రం ముందుగానే చేతికి అంది ఉండాలి, ఆఖరి వారానికి వదిలేసే పని కాదది.

జోహానెస్‌బర్గ్‌లో మొదటి బస విషయంలో పొరపాటు చేశాం. అద్దె తక్కువని నగరం నడిబొడ్డుకు దగ్గరలో ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. మేము దిగిన రాత్రి కరెంటు లేదు, ఇనుప గేటు కరెంటుతోనే తెరుచుకుంటుంది, యజమాని ఫోను ఎత్తలేదు. సామానుతో ముప్పావు గంట వీధిలో నిలబడటం ఏ ఊళ్లోనూ బాగుండదు, ఆ ఊళ్లో అసలే బాగుండదు. మర్నాడే రోజ్‌బ్యాంక్‌కు మారిపోయాం. అద్దె దాదాపు రెట్టింపు అయినా, జనరేటర్ ఉంది, కాపలా ఉంది, విమానాశ్రయం నుంచి వచ్చే గౌట్రెయిన్‌కు స్టేషను నడక దూరంలో ఉంది. ఆ ఊరికి వెళ్లేవారు బస దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దని, కావాలంటే భోజనం దగ్గర మిగుల్చుకోమని నా సలహా.

ఇక చూడాల్సిన వాటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది కాన్‌స్టిట్యూషన్ హిల్‌కు. పాత కోట, ‘నంబర్ ఫోర్’ అనే నల్లజాతి పురుషుల జైలు, మహిళల జైలు, వాటి పక్కనే దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఒకే గుట్ట మీద ఉన్నాయి. విచారణ ఖైదీలను ఉంచిన భవనాన్ని కూల్చి, ఆ ఇటుకలతోనే 2004లో ప్రారంభమైన న్యాయస్థానానికి గోడలు కట్టారు, పాత భవనం మెట్ల బురుజులను మాత్రం అలాగే నిలబెట్టారు. న్యాయమూర్తులు కూర్చునే వేదిక ముందు భాగానికి ఆవు తోళ్లు తాపడం చేశారు, ఏ రెండు తోళ్ల మచ్చలూ ఒకలా ఉండవు. గైడు వెంట చూడటమే మంచిది, ఎందుకంటే ఉత్త గోడలు చూస్తే అది మరో పాత జైలుగానే కనిపిస్తుంది.

ఇక్కడే నా యాత్ర దారి మారింది. 1908 జనవరిలో గాంధీ తొలిసారి జైలుకు వెళ్లింది ఇక్కడికే. ఆయనతో పాటు శిక్ష పడ్డవారిలో తంబి నాయుడు ఒకరు. పేరు చివర నాయుడు చూసి మనవాడే అని నేను కాస్త సంబరపడ్డాను గాని, మారిషస్‌లో పుట్టిన ఆయన జోహానెస్‌బర్గ్‌లో తమిళ సంఘానికి పెద్దగా వ్యవహరించినవారు, కాబట్టి మరీ హక్కు చాటుకోవడం బాగుండదు. అంతకన్నా ఇబ్బంది పెట్టిన విషయం మరొకటి ఉంది. భారతీయులను నల్లజాతివారితో కలిపి ఒకే వర్గంగా జైల్లో ఉంచడం మీద గాంధీ అప్పట్లో తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో అభ్యంతరం రాశారు. తర్వాతి కాలంలో ఆయన ఆలోచన ఎంత విశాలమైనా, ఆ మాటలు అచ్చులో ఉన్నాయి. తెల్లవారు కట్టిన నిచ్చెన మీద మనవాళ్లు కింది మెట్టును తప్పించుకోవడానికీ ప్రయత్నించారు, నిచ్చెననే విరగ్గొట్టడానికీ ప్రయత్నించారు. ఆ తర్వాత చూసిన ప్రతి చోటా నేను వెతుక్కున్నది మనం ఏ మెట్టు మీద నిలబడ్డామన్నదే.

అపార్తీడ్, అంటే జాతులను విడదీసి సాగించిన తెల్లవారి పాలన, మీద 2001లో తెరిచిన మ్యూజియంలో ఈ వెతుకులాట గుమ్మం దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే టికెట్టు మీద ‘శ్వేతజాతి’ అనో ‘శ్వేతేతర’ అనో ఏదో ఒకటి పడి, దాన్ని బట్టి లోపలికి వెళ్లే ద్వారం మారుతుంది. మా ఆవిడకు తెల్లవారి ద్వారం వచ్చింది. లోపల చదవాల్సింది విపరీతంగా ఉంటుంది, మూడు గంటలైనా లేనివారు దీన్ని మానుకుని నల్లవారి పేట సొవేటో వెళ్లడం మేలు.

సొవేటోలో ఇద్దరు నోబెల్ శాంతి బహుమతి గ్రహీతలు, మండేలా, టూటూ, నివసించిన విలకాజి వీధి ఇప్పుడు హోటళ్ల సందడితో నిండిపోయింది. అక్కడికి దగ్గర్లోని హెక్టర్ పీటర్సన్ స్మారకం దగ్గర మాత్రం ఆ సందడి తగ్గుతుంది. తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో పాఠాలు చెప్పాలన్న ఉత్తర్వును ఎదిరించి 1976 జూన్ 16న బడిపిల్లలు ఊరేగింపు తీసినప్పుడు పోలీసు కాల్పుల్లో చనిపోయిన చిన్నవాడి పేరు మీద కట్టిందది. సామ్ న్జిమా తీసిన ఫొటోలో ఆ పిల్లవాణ్ని ఒక కుర్రాడు చేతుల్లో మోస్తుంటే, పక్కన అక్క ఏడుస్తూ పరుగెత్తుతూ ఉంటుంది.

డర్బన్‌కు విమానంలో వెళ్లి, అక్కడ డ్రైవరుతో సహా కారు మాట్లాడుకున్నాం. ఈ నాలుగు రోజులే నాకు అన్నిటికన్నా నచ్చాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ 342 మందితో ఈ రేవుకు వచ్చింది. చెరకు తోటల్లో పనికి తెచ్చిన ఒప్పంద కూలీల్లో తెలుగువారు కూడా చాలామందే ఉన్నారు, వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకున్నారు. మసాలా పొడులు అమ్మే దుకాణంలో ఒక పెద్దాయన మా మాటలు విని ఆగి, తమ తాతమ్మ ఇలాగే మాట్లాడేదని ఇంగ్లీషులో చెప్పారు. ఆయనకు మిగిలింది ‘అమ్మ’, ‘పెద్దమ్మ’, ‘పచ్చడి’ వంటి నాలుగైదు మాటలే. భోజనానికి బన్నీ చౌ తప్పక తినండి. బ్రెడ్డును మధ్యలో తొలిచి కూరతో నింపి ఇస్తారు. పావు రొట్టె ఒకరికి ధారాళంగా సరిపోతుంది, సగం అడిగి నాలాగా అవస్థ పడకండి.

ఊరికి ఉత్తరాన ఇనాండా లోయలో 1904లో గాంధీ స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం, అక్కడికి కొద్ది కిలోమీటర్లలో జాన్ డూబే పెట్టిన ఓలాంగే పాఠశాల ఉన్నాయి. డూబే 1912లో ఏర్పడిన, నేటి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షుడు. 1994 ఏప్రిల్ 27న మండేలా తన జీవితంలో తొలి ఓటు ఈ పాఠశాలలోనే వేసి, పక్కనే ఉన్న డూబే సమాధి దగ్గరికి వెళ్లారు. యాత్రికులు లేరు, టికెట్ల వరుస లేదు, మేము వెళ్లినప్పుడు పిల్లలు మైదానంలో బంతి ఆడుకుంటున్నారు.

ఫీనిక్స్‌లో ఇప్పుడు కనిపించే గాంధీ ఇల్లు తిరిగి కట్టింది, 1985 అల్లర్లలో పాతది కాలిపోయింది. అంతకు ముందటి ఏడాదే ప్రభుత్వం మూడు సభల పార్లమెంటు పెట్టి, తెల్లవారితో పాటు మిశ్రమ జాతివారికి, భారతీయులకు చెరొక సభ ఇచ్చి, జనాభాలో అధికులైన నల్లవారికి ఏమీ ఇవ్వకుండా వదిలేసింది. భారతీయుల్లో అత్యధికులు ఆ ఎన్నికలకు వెళ్లలేదు. అయినా లోయలో మంట రేగినప్పుడు ఎవరు ఓటేశారు, ఎవరు వేయలేదు అని ఎవరూ అడగలేదు. ఈ ఒక్క ఇంటి కథ తెలియకుండా వెళ్తే ఫీనిక్స్‌లో చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది, తెలిసి వెళ్తే గంటసేపు కదలబుద్ధి కాదు.

డర్బన్‌కు 80 కిలోమీటర్ల దూరంలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టికెట్టు ఉన్న గాంధీని రైల్లోంచి దింపేసిన ప్లాట్‌ఫారం మీద ఒక ఫలకం ఉంది. ఎర్ర ఇటుకల పాత భవనం, దాదాపు నిర్మానుష్యం. ఆ చలిలో ఆయన కూర్చున్న వెయిటింగ్ రూమును చూడవచ్చు. ఇరవై నిమిషాల పని, కాని దారిలోనే ఉంది కాబట్టి వదులుకోవద్దు. అక్కడి నుంచి అరగంటలో హోవిక్ దగ్గర, 1962 ఆగస్టు 5న డ్రైవరు వేషంలో ఉన్న మండేలాను పోలీసులు పట్టుకున్న రోడ్డు వస్తుంది. 50 ఉక్కు స్తంభాలు వంకరటింకరగా నిలబెట్టి ఉంటాయి, ఒకచోట నిలుచుని చూస్తే అవి కలిసి మండేలా ముఖం అవుతుంది, రెండడుగులు పక్కకు వేస్తే మళ్లీ ఇనుప కడ్డీలే.

కేప్‌టౌన్‌లో మండేలా జైలున్న రాబెన్ ద్వీపానికి పడవ టికెట్లు ముందే కొనాలి, రెండు రోజులు అటూ ఇటూ వెసులుబాటు కూడా ఉంచుకోవాలి. మా మొదటి రోజు పడవ గాలి ఉధృతి వల్ల రద్దయి, మూడో రోజు గాని వెళ్లలేకపోయాం. ఒక్క పూట పెట్టుకున్న ప్యాకేజీల వారు ఇలాంటప్పుడు ఏం చేస్తారో మరి. రానుపోను మూడున్నర గంటల్లో ముందు బస్సులో ద్వీపం తిప్పి, తర్వాత జైలుకు తీసుకెళ్తారు. బస్సు ఆగే సున్నపురాయి గనిలో ఖైదీలు ఏళ్ల తరబడి తెల్లటి ఎండ మెరుపులో రాయి కొట్టారు, మండేలా కళ్లు పాడైంది అక్కడే. విడుదలైన ఖైదీలు 1995లో అక్కడ కలిసినప్పుడు ఆయన ఒక రాయి పెడితే, వెనకాలే తలా ఒకటి పెట్టిన రాళ్ల కుప్ప ఇప్పటికీ అలాగే ఉంది.

జైల్లో గైడు ఒకప్పటి రాజకీయ ఖైదీయే. మండేలా గది ముందు వరుస కదులుతూనే ఉంటుంది కాబట్టి నిమిషం కన్నా ఎక్కువ దొరకదు. చాప, చిన్న బల్ల, బకెట్టు, ఒక కిటికీ, అంతే. 27 ఏళ్ల నిర్బంధంలో 18 ఏళ్లు గడిచింది ఈ జైల్లోనే. నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం రేషను పలక దగ్గర. దాని మీద రెండు వరుసలున్నాయి: మిశ్రమ జాతివారికీ ఆసియావారికీ ‘బి’, నల్లవారికి ‘సి’. ‘బి’కి రొట్టె ఉంది, జామ్ ఉంది. ‘సి’కి ఆ రెండూ లేవు. 1964లో మండేలాతో పాటు ఇక్కడికి వచ్చిన వారిలో అందరికన్నా చిన్నవాడు, 34 ఏళ్ల అహ్మద్ కత్రాడా, భారతీయుడు గనుక పొడుగు ప్యాంటు ఇచ్చారు. ఆయనకన్నా పెద్దవారైన మండేలా, సిసులు, ఎంబెకిలకు నిక్కర్లు. కత్రాడాలాంటి వారు ఆ రొట్టెను తక్కినవారితో పంచుకునేవారు. తంబి నాయుడు మనవడు ఇంద్రెస్ నాయుడు కూడా ఈ ద్వీపంలో పదేళ్లు ఉన్నారు.

మా ఆవిడ ఆ పలకను రెండుసార్లు చదివి, ‘బి’ రొట్టె నిజంగా ‘సి’ దాకా చేరేదా అని గైడును అడిగింది. ఆయన మేము ఏ దేశం వాళ్లమో కనుక్కుని, నవ్వి, చేరేది గాని ముక్క చాలా చిన్నదై చేరేదని బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి చూపించారు. అప్పటికే వెనక గుంపు తలుపు దగ్గరికి వచ్చేసింది.