దక్షిణచిత్రకి మా అమ్మతో పోయొచ్చాం

వేసవి సెలవులొస్తే మా ఇంట్లో ఒకటే గోల, మద్రాసు తీసుకుపో నాన్నా అని. నెల్లూరోళ్లకి మద్రాసు పక్కూరి కిందే లెక్క, రైలెక్కితే మూడు గంటలు. పిల్లల దృష్టిలో మద్రాసంటే మాల్, నీళ్ల ఆటల పార్కు, మళ్లీ మాల్. రెండేళ్లు అదే చేశాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది. డెబ్బై రెండేళ్ల మనిషిని మాల్‌లో ఎక్కడ కూర్చోబెట్టేది అని టెన్షన్ పడుతుంటే, చిన్న బజారులో మా కొట్టు పక్కాయన ‘దక్షిణచిత్రకి తీసుకుపో సామీ, పాత ఇళ్ల మ్యూజియం’ అన్నాడు. ఆయన మాట విని బాగుపడిన సందర్భాలు తక్కువే. ఇది మాత్రం అందులో ఒకటి.

మద్రాసు నుంచి ఈసీఆర్ (సముద్రం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వైపు పాతిక కిలోమీటర్లు పోతే ముట్టుకాడు వస్తుంది. అక్కడ రోడ్డు పక్కనే, సుమారు పదెకరాల చోటు. 1996లో తెరిచారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, ఒక్కోదానికీ ఒక్కో వీధి. ఇవి సినిమా సెట్టింగు ఇళ్లు కావు. ఎక్కడెక్కడో పడగొట్టేయబోతున్న పాత ఇళ్లను కొని, దూలాలు, స్తంభాలు, తలుపులు ఊడదీసి, లారీల్లో తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు, చాలావరకు. మొత్తం స్థలానికి ప్లాను ఇచ్చింది లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు. ఇటుకతో చవగ్గా, అందంగా కట్టడంలో పేరున్న మనిషి. టికెట్ తీసుకుని లోపలికి అడుగుపెడితే ముందు కనిపించే ఇటుక పనిలోనే ఆ చెయ్యి తెలుస్తుంది.

మేం చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. రోహిణి కార్తెలో, అదీ పదకొండున్నరకి పోయాం. ముట్టుకాడు సముద్రం పక్కనే కదా, గాలి వస్తుందనుకున్నాం. వచ్చింది, ఉప్పుతో, చెమటతో కలిపి. ఇంటికీ ఇంటికీ మధ్య నడిచేటప్పుడు మా వాడు రెండుసార్లు ‘మాల్‌కి పోదాం’ అన్నాడు. పొద్దున పదికి తెరుస్తారు, ఆ టైముకి గేటు దగ్గరుండండి. లేదంటే మూడు దాటాక పోండి, ఆరు దాకా ఉండొచ్చు. మధ్యాహ్నం పోవడం మాత్రం ఎండకి ఎదురెళ్లడమే. మమ్మల్ని దింపిన క్యాబతను ‘రిటర్న్ దొరకదు సార్’ అని భయపెట్టి వెయిటింగ్‌కి డబ్బులు గుంజాడు. తీరా చూస్తే గేటు ముందు బస్సులు పోతూనే ఉన్నాయి.

చెట్టినాడు ఇంట్లో ఆ స్తంభాలూ ఆ వాకిలీ చూసి పిల్లలు దాగుడుమూతలు మొదలెట్టారు. కేరళ ఇళ్ల చెక్క పని బాగుంది. వాటి గురించి అందరూ రాస్తారు, నేను వదిలేస్తాను.

మన ఆంధ్ర వైపు రెండిళ్లు. ఒకటి విశాఖపట్నం పక్క హరిపురం రకం చుట్టిల్లు. మట్టి గోడ, గుండ్రంగా, మీద గడ్డి కప్పు. తుపానుకి మూల దొరకని ఇల్లు. లోపలికి పోగానే ఒళ్లు చల్లబడింది, ఏసీ కాదు, మట్టి. అమ్మ గోడకి చెయ్యి ఆనించి, ‘మన పక్క గుండ్రటిల్లు నేను చూళ్లేదబ్బయ్యా, పేడ వాసన మాత్రం మనదే’ అంది. రెండోది కొయ్యలగూడెం నేతవాళ్ల ఇల్లు, పాత నల్గొండ జిల్లాది, ఇప్పుడు తెలంగాణ. ఇక్కడే అమ్మ గైడయిపోయింది. ‘చూడు, రంగు గుడ్డకి కాదు, నేసేముందే పోగుకి వేస్తారు. ముడేసిన చోట రంగు అంటదు’ అని మా పాపకి చెప్పుకొచ్చింది. మాది పాటూరు, కోవూరు పక్క. మా నాన్న పోయాక మగ్గం అమ్మేశాం. ఆ మగ్గానిది అచ్చు పలక ఒక్కటి ఇంకా అటక మీద ఉంది.

అసలు సంగతి తమిళనాడు వీధిలో, కంచి పట్టు నేసేవాళ్ల ఇంట్లో జరిగింది. అక్కడ గుంట మగ్గం మీద ఒకాయన నేస్తున్నాడు. అంచుది ఒక రంగు, చీరది ఇంకో రంగు. అట్లాంటి చీరకి అవతలి వైపు నాడె (అడ్డపోగు తీసుకుపోయేది) అందించడానికి ఇంకో మనిషి కావాలి. ఆ చోట ఓ కుర్రాడు ఉన్నాడు. అమ్మ కాసేపు చూసి, ‘అంచు కాడ బిగువు తగ్గింది నాయనా’ అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన తల తిప్పి చూసి, తెలుగులోనే, ‘ఏ ఊరమ్మా’ అన్నాడు. కంచిలో తెలుగు నేతవాళ్లు ఉన్నారని విన్నానే గానీ, ముట్టుకాడులో ఎదురవుతారనుకోలేదు. అంతే, ఇరవై నిమిషాలు. కండెలు, జరీ, ఇప్పుడు కూలెంత, వానాకాలం గుంటలో నీళ్లూరితే ఏం చేస్తారు. నడుమ ఒక పోగు తెగింది. ఆయన చెయ్యి పెట్టేలోపే అమ్మ వంగి, వేలు నోట తడి చేసుకుని, రెండు కొసలూ బొటనవేలి కింద ఇట్టే నులిమి అతికేసింది. ఎక్కడ అతికిందో నేను వెతికాను, కనబడలేదు. మా పాప కూడా వెతికింది. అమ్మ ఏమీ జరగనట్టు పైట సర్దుకుంది. నేను పుట్టాక ఆమె మగ్గం మీద కూర్చోవడం నాకు గుర్తున్నది తక్కువ. వంటింట్లోనే ఎక్కువ గుర్తు.

సాయంత్రం వాకిట్లో కరగాట్టం పెట్టారు. మన గరగల్లాగే తలమీద కలశం. తమిళం రాకపోయినా ఇబ్బందేం లేదు. ఇలాంటివి శని, ఆదివారాల్లో ఎక్కువట, చూసుకుని పోండి.

మర్నాడు ఎగ్మోర్ మ్యూజియం కూడా చూశాం. 1851 నాటిది. అమరావతి స్తూపం రాళ్లు అక్కడ గోడల నిండా ఉన్నాయి. మన పల్నాటి సున్నపురాయి, మద్రాసులో. నేను అరగంట నిలబడ్డాను. పిల్లలకి తిమింగలం ఎముకలే నచ్చాయి, అమ్మకి కంచు విగ్రహాలు. అక్కడ శుక్రవారం సెలవు.

దక్షిణచిత్రకి నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకంటే, మన ఆంధ్రకి రెండిళ్లేనా అని. తిరుగు రైల్లో గూడూరు వచ్చేదాకా మా పాప తన చున్నీ అంచులో పోగులు లాగి, తడి చేసి, అతకాలని చూస్తూనే ఉంది. ఒక్కటీ నిలవలేదు. చున్నీ పాడయింది.

మంగళవారం మాత్రం పోవద్దు, మూసి ఉంటుంది. టోపీ, నీళ్ల సీసా మరిచిపోవద్దు. ఇంట్లో మగ్గం చూసిన పెద్దవాళ్లుంటే వాళ్లని వదిలేసి పోవద్దు.