ఎస్.పి. రోడ్డులో "ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్" కొనబోతున్నారా? కాస్త ఆగండి

బెంగళూరులో పిల్లల చదువు కోసం మైక్రోస్కోప్ కొనాలనుకునే మనవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు 8,500 రూపాయలు వదిలాయి.

మా అమ్మాయి ఫస్ట్ పీయూసీ (మన ఇంటర్ మొదటి సంవత్సరం), బయాలజీ. ల్యాబులో తన వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేస్తున్నారని గోల. సరే, ఇంట్లోనే ఒకటి పెట్టేద్దామని పోయిన నెల ఎస్.పి. రోడ్డుకి వెళ్లాం. సందులో ఓ కొట్టాయన మా మాటలు విని, "రండి సార్, మాదీ చిత్తూరు వైపే" అన్నాడు. అక్కడే సగం పడిపోయాను. బుల్లి తెర ఉన్న పరికరం ఒకటి తీశాడు. అట్టపెట్టె మీద 1600 రెట్లు అని ఉంది, పక్కన రంగురంగుల అమీబా బొమ్మ. "మామూలుది కాదు సార్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. మైటోకాండ్రియా లోపలి మడతలు కూడా కనిపిస్తాయి." కణానికి శక్తినిచ్చే బుల్లి భాగాలవి. వంద నోటు కింద పెట్టాడు. సన్న అక్షరాలు కూడా కొట్టొచ్చినట్టు కనిపించాయి. కొనేశాం.

ఇంటికొచ్చాక అమ్మాయి ఉల్లిపొర ఒలిచి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి, కవర్ స్లిప్ కప్పి పెట్టింది. ఇటుకలు పేర్చినట్టు కణాలు కనబడాలి కదా. నీలం మరక, దాని మీద ఎల్‌ఈడీ బల్బుల తెల్లటి మెరుపు. న్యూక్లియస్ ఊసే లేదు. "నాన్నా, ఇందులో లైటు పైనుంచి పడుతోంది" అని అదే కనిపెట్టింది. నోటుకైనా సర్క్యూట్ బోర్డుకైనా పైనుంచి వెలుగు చాలు. కణాలు దాదాపు పారదర్శకం, వెలుగు కిందనుంచి స్లైడు గుండా రావాలి. మాకు అంటగట్టింది మొబైల్ రిపేరువాళ్లు సోల్డరింగ్ చూసుకునే కెమెరా.

ఇక ఆ 1600 సంగతి. జామెట్రీ బాక్సులోని స్కేలు దాని కింద పెట్టాం. ఎంత దగ్గరకి తెచ్చినా తెర ఈ చివర నుంచి ఆ చివరకి 3 మిల్లీమీటర్లు పట్టింది. తెర వెడల్పు 15 సెంటీమీటర్లు. అంటే 50 రెట్లు. ఆపైన జూమ్ నొక్కితే మసకే పెద్దదవుతోంది. దయచేసి కొట్టుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక స్కేలు వేసుకెళ్లండి, అక్కడే లెక్క తేలిపోతుంది.

అసలు మామూలు వెలుతురుతో 0.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనబడవు. వెలుగు తరంగదైర్ఘ్యమే అడ్డమని 1873లోనే అబే అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. అందుకే మంచి కాలేజీ మైక్రోస్కోప్ కూడా ఆయిల్ లెన్సుతో 1000, మహా అయితే 1250 రెట్ల దగ్గర ఆగుతుంది. మైటోకాండ్రియా మడతలు చూడాలంటే నిజంగా ఎలక్ట్రాన్లే కావాలి. 1931లో బెర్లిన్‌లో రుస్కా, నోల్ మొదలుపెట్టిన ఆ యంత్రానికి శూన్యం కావాలి, వేల వోల్టులు కావాలి. కణాన్ని ఎండబెట్టి, మైక్రాన్‌లో పదో వంతు కంటే పల్చగా కోయాలి. బొమ్మ నలుపు తెలుపుల్లోనే వస్తుంది, ప్రాణంతో ఈదే అమీబా అందులో కనబడదు. మన ఐఐఎస్‌సీ లాంటి చోట ఉంటుంది గానీ కొట్టు బల్ల మీద ఎందుకుంటుంది! పెట్టె మీది రంగుల అమీబాని చూసినప్పుడే నాకు వెలగాల్సింది.

వాపసు ఇద్దామని వెళితే చిత్తూరాయనకి తెలుగు మర్చిపోయినట్టుంది, కన్నడలోనే మాట్లాడాడు. పెట్టె విప్పాక తీసుకోరట. బిల్లు చూపిస్తే అందులో "డిజిటల్ కెమెరా 1" అని మాత్రమే ఉంది. నేను చదవకుండా మడిచి పర్సులో పెట్టుకున్న బిల్లు. కాబట్టి నోటితో చెప్పిందంతా బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి. నేనైతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను, చూడాలి.

పిల్లలకి కావాల్సింది కింద లైటు, 10 రెట్ల కంటిలెన్సు, కింద 4, 10, 40 లెన్సులు ఉన్న స్టూడెంట్ మైక్రోస్కోప్. ఉల్లిపొరకీ బుగ్గ కణాలకీ 400 రెట్లు ధారాళంగా చాలు. 100 లెన్సు కూడా ఉందంటే దాని ఒంటి మీద 1.25 అని (లెన్సు వెలుగుని ఎంత పోగుచేస్తుందో చెప్పే అంకె) చెక్కి ఉందా చూడండి. దానికి ఇమ్మర్షన్ ఆయిల్ కావాలి, కొబ్బరినూనె వేసుకోమంటే నమ్మకండి.

మా దగ్గరున్నది మొబైల్ రిపేరు చేసేవాళ్లెవరికైనా కావాలంటే మూడు వేలకి ఇచ్చేస్తాను. 50 రెట్లే, ముందే చెబుతున్నాను.