పిల్లికి స్నానమా, దువ్వెనా: ఏది మేలు?

మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ రోజుల్లో మా అత్తమ్మది ఒకటే మాట: "బిడ్డా, మనకే ఇంత ఉడుకపోస్తుంటే ఆ బొచ్చుతోటి దానికెట్లుంటది? రెండు చెంబుల నీళ్లు పొయ్యరాదు!"

ఆమెది ప్రేమే. ఆ మాట విని పోయినేడు మా పిల్లి చిట్టికి నా షాంపూతోనే తలంటాను. మా బోరు నీళ్లతో ఎంత కడిగినా షాంపూ జిడ్డు వదల్లేదు. చిట్టి సాయంత్రం దాకా బీరువా కిందే ఉంది. మూడో రోజుకి మెడ దగ్గర గోక్కుని గోక్కుని చర్మం ఎర్రబడి పొట్టు లేచింది. మన షాంపూ పిల్లి చర్మానికి పడదు. పైగా బొచ్చు మీద ఏది మిగిలినా అది నాకేస్తుంది, నేరుగా కడుపులోకే పోతుంది.

అప్పటి నుంచి దువ్వెన పట్టాను. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్లుంటాయి, వాటితో తన ఒళ్లు తానే శుభ్రం చేసుకుంటుంది. కాకపోతే ఊడిన వెంట్రుకలన్నీ మింగుతుంది, అవి ఉండకట్టి కక్కుకుంటుంది. దువ్వెన వాటిని ముందే లాగేస్తుంది. నాటు పిల్లికి వారానికి రెండుసార్లు చాలు. పర్షియన్ పిల్లికైతే రోజూ దువ్వాలి. చిక్కులు విప్పకుండా నీళ్లు పోస్తే ఇంకా బిగుసుకుంటాయి. కత్తెర మాత్రం పెట్టొద్దు, చిక్కుతో పాటు చర్మం కూడా పైకి లేచి తెగుతుంది.

దువ్వెనతో గోమార్లు, అంటే బొచ్చులో దాగి రక్తం తాగే పురుగులు, కూడా బయటపడతాయి. పేన్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, పళ్లలో చిక్కిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్లగుడ్డ మీద దులపండి. చుట్టూ ఇటుక రంగు చెమ్మ పాకితే అది మట్టి కాదు, పురుగులు తాగి విసర్జించిన రక్తం. వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి. కుక్కల గోమార్ల మందు ఇంట్లో ఉంది కదా అని పూయొద్దు. అలాంటి మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, పిల్లి కాలేయానికి దాన్ని అరిగించే శక్తి తక్కువ. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పిల్లిని ఫినాయిల్ నీళ్లతో తుడవడం కూడా ప్రమాదమే.

మరి స్నానం అసలే వద్దా? బండి కింద దూరి ఇంజిన్ ఆయిల్ పూసుకొస్తే, నాకకముందే కడగాలి. చర్మానికి మందు షాంపూ డాక్టరు రాసినా తప్పదు. గోరువెచ్చటి నీళ్లు, పిల్లుల షాంపూ, మెడ కిందికే.

ఎండ సంగతంటారా, నీడ, రెండు మూడు చోట్ల గిన్నెల్లో మంచినీళ్లు, మరీ వేడైతే వీపు మీద తడిచేత్తో నిమరడం. ఇప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్తమ్మే దువ్వుతుంది. ముందు గదవ కింద గోకుతుంది, పొట్ట జోలికి పోదు, చిట్టి తోక విసిరిందంటే దువ్వెన పక్కన పెట్టేస్తుంది.